పుంతకీ రోడ్డుకీ ఒకటే బండి

డ్యూయల్ స్పోర్ట్ మోటారుసైకిలుకి తెలుగేమిటని మొన్నో పూటంతా బుర్ర గోక్కున్నాను. "ద్విక్రీడ" లాంటి మాటలు నిఘంటువులు రాసేవాళ్ళకి వదిలేద్దాం. "ఉభయచరం" అందామంటే కప్ప గుర్తొస్తోంది. (కొల్లేటి పక్కన, అందునా శ్రావణమాసంలో, అదేమంత తప్పు పోలిక కాదు లెండి.) చివరికి మా వైపు మాటే నయమనిపించింది... పుంత బండి. గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం: పుంత అంటే ఊళ్ళోంచి పొలాల్లోకి పోయే మట్టిబాట. గుంటూరు వైపు డొంక అంటారు. ఇంగ్లీషువాడు ట్రైల్ అన్నప్పుడు వాడి కళ్ళముందు అడవి, కొండ, ఏకాంతం ఉంటాయి. మన పుంతలో గేదెలుంటాయి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళొస్తుంటారు. మేత బస్తాలేసుకుని ఎక్సెల్ బళ్ళొస్తుంటాయి. బండి ఎంచుకునేటప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో ఎవరూ చెప్పరు. యూట్యూబులో బళ్ళ గురించి చెప్పే కుర్రాళ్ళు ఇసకలో ఎగరేసి చూపిస్తారు తప్ప, ఎదురుగా గేదెల మంద వస్తే ఆ బండి మొదటి గేరులో పది నిమిషాలు ఎలా నడుస్తుందో నాకు కనబడినంతలో ఒక్కడూ చూపించలేదు.

నాకీ గొడవెందుకంటారా? నాన్నగారికి పల్లంలో ఓ చిన్న చేపల చెరువుంది, మెట్టలో ద్వారకా తిరుమల దారిలో నిమ్మతోట ఉంది. ఇరవయ్యేళ్ళుగా రెండు చోట్లకీ టీవీయస్ ఎక్సెల్ మీదే తిరిగారు. డెబ్భై దాటాయి. గ్లకోమా వల్ల పక్కచూపు బాగా తగ్గింది, బండి నడపొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. "నడపొద్దన్నారు, చెరువు చూడొద్దనలేదుగా" అన్నది నాన్నగారి వాదన. 2020 నుంచీ నా ఉద్యోగం సగం ఇంటి నుంచే కాబట్టి నెలలో పదిహేను రోజులు భీమడోల్లో ఉంటున్నాను. అంటే నాకు కావలసింది చెరువు గట్టు మీదా, నిమ్మతోట గ్రావెల్ మీదా నడిచి, ఎప్పుడైనా హైదరాబాదు దాకా హైవే మీద పోగలిగి, వీటన్నిటితో పాటు వెనక ఓ డెబ్భై ఏళ్ళ మనిషిని కూర్చోబెట్టుకోగలిగే బండి. ఈ ఆఖరి షరతు ఏ కంపెనీవాడి ప్రకటనలోనూ కనబడదు.

అసలీ రకం బళ్ళకి మా ఊరిని మించిన పరీక్షా కేంద్రం ఉండదేమో. పాత 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు హైవే, విజయవాడ-విశాఖ రైలు పట్టాలు ఊరిని ఒరుసుకుంటూ పోతాయి. వాటికి దక్షిణాన అంతా పల్లం. వరి, చేపల చెరువులు, ఆగడాలలంక, చెట్టున్నపాడు, ఆపైన కొల్లేరు. ఉత్తరాన మెట్ట. ద్వారకా తిరుమల, కామవరపుకోట, గుంటుపల్లి గుహలు, ఇంకా పైకెళితే జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం, వాగులు దాటుకుంటూ పోయే గుబ్బల మంగమ్మ గుడి అడవి. మెట్టలో ఎర్రమట్టి, గులకరాళ్ళు, పామాయిలు తోటల మధ్య బాటలు. పల్లంలో నల్లరేగడి. ఎండాకాలం సిమెంటులా, వానపడితే వెన్నలా ఉంటుంది. ఒకే మండలంలో ఇటు పది కిలోమీటర్లు, అటు పది కిలోమీటర్లు పోతే రెండు వేర్వేరు దేశాల్లో బండి నడిపినట్టుంటుంది.

డ్యూయల్ స్పోర్ట్ అంటే లైట్లు, అద్దాలు, నంబరు ప్లేటు అన్నీ ఉండి రోడ్డు మీద చట్టప్రకారం తిరుగుతూ, తారు అయిపోయిన చోట ఆగిపోని బండి. ముందు చక్రం పెద్దది, చాలావాటికి 21 అంగుళాలు. గోతిలో దిగినా ఎక్కి బయటికొస్తుంది. అల్లాయ్ చక్రాలకి బదులు స్పోకులుంటాయి. రాయి తగిలితే అల్లాయ్ పగిలే ప్రమాదముంది, స్పోకుల రిమ్ము వంగితే సాగదీసి వాడుకోవచ్చు. 1968లో యమహా డీటీ-1 వచ్చి అమెరికాలో ఈ జాతిని జనంలోకి తెచ్చింది. మనకి చాలా ఆలస్యం. హోండాతో విడిపోయిన హీరో 2011లో ఇంపల్స్ అని ఓ 150 సీసీ బండి తెచ్చింది. బ్రెజిల్లో హోండా అమ్మే బ్రోస్ అనే బండికి చుట్టం అది. ఇక్కడ ఆడలేదు, కొన్నేళ్ళకి ఆపేశారు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక గానీ మామూలు మనిషి జేబుకి అందలేదు.

పుస్తకాల్లో ఇలా ఉంటుంది. నన్నడిగితే మా పల్లంలో డ్యూయల్ స్పోర్ట్ ఎప్పట్నుంచో ఉంది, దాని పేరు ఎక్సెల్. నవ్వకండి. ఇప్పుడొచ్చే ఎక్సెల్ 100 ఇంజను 99.7 సీసీ, శక్తి నాలుగు గుర్రాల పైచిలుకు. బరువు 90 కిలోల లోపే, క్లచ్చు తనంతట తనే పడుతుంది. ముందు ఓ బస్తా, వెనక రెండు బస్తాలు, వాటి మీద మనిషి! గట్టు మీద జారిందంటే పక్కకి దిగిపోయి, సైకిలు పట్టుకున్నట్టు పట్టుకుని, యాక్సిలరేటరు ఇస్తూ నడిపించుకెళతారు. పడితే ఒక చేత్తో లేపుతారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండుల్లో గొర్రెల పెంపకందార్ల కోసం యమహావాళ్ళు ఏజీ 200 అని పొలం బండి చేసేవాళ్ళు. రెండు పక్కలా స్టాండ్లు, చెయిన్‌కి పూర్తి మూత, ముందూ వెనకా సామాన్లు కట్టుకునే పెద్ద క్యారియర్లు. ఆ రైతుకీ మా రైతుకీ కావలసింది ఒకటే అని తేలుతోంది కదా? తేలికగా ఉండాలి, నిదానంగా నడవాలి, బురద లోపలికి పోకూడదు. ఎన్ని గుర్రాలన్నది ఆ తర్వాతి మాట.

మరి ఎక్సెల్ ఉండగా వేరే బండెందుకు? ఎందుకంటే దానికి హైవే పడదు. గుండుగొలను దగ్గర లారీల మధ్య యాభైలో పోతుంటే వెనకనుంచి వచ్చే ప్రతి హారనూ మనకే అనిపిస్తుంది. మెట్టలో గులకరాళ్ళ మీద ఆ చిన్న చక్రాలు నడుము విరగ్గొడతాయి. కాబట్టి ఎక్సెల్‌కి ఉన్న మంచి గుణాలు ఎన్ని ఉంచుకుని, ఎన్ని వదులుకుని పెద్ద బండికి వెళ్ళాలన్నదే నా లెక్క. సీసీల నుంచి మొదలుపెట్టినవాడు ఈ లెక్కకి రాలేడు.

ఊళ్ళో నాకు తెలిసిన మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. హిమాలయన్ 450 గురించి, దాని 40 గుర్రాల గురించి నేను ఉత్సాహంగా చెబుతుంటే చేతులు తుడుచుకుంటూ విన్నాడు. "బండి సూపరేనండి. కాదంటే తప్పైపోద్ది. కానీ ఎన్ని సీసీలని కాదండీ బాబూ, చెరువు గట్టు మీద పడ్డాక మీతో కలిసి ఎత్తేవోడు ఎవడున్నాడో సూసుకోండి ముందు" అన్నాడు. ఎవరుంటారు? నాన్నగారు. ఆ ఒక్క మాటతో 196 కిలోల 450 నా జాబితాలోంచి వెళ్ళిపోయింది. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. హైదరాబాదు నుంచి లడాఖ్ పోయేవాడికి అంతకంటే ఏం కావాలి! మా గట్టుకి మాత్రం అది కాదు.

పాత హిమాలయన్ (411 సీసీ) సంగతి అంత తేలిగ్గా తెగలేదు. దాని ఇంజను నాకు చాలా ఇష్టం. పిస్టన్ వెడల్పు 78 మిల్లీమీటర్లు, అది కదిలే దూరం 86. ఇలా కదిలే దూరం ఎక్కువున్న ఇంజన్లు తక్కువ వేగంలోనే బలంగా లాగుతాయి. 32 న్యూటన్ మీటర్ల టార్కు నాలుగు, నాలుగున్నర వేల ఆర్పీఎం దగ్గరే వచ్చేస్తుంది. గేదెల వెనకాల క్లచ్చు నొక్కకుండా, ఇంజను ఆగిపోకుండా ఎడ్లబండిలా పోతుంది. ఎక్స్‌పల్స్ దీనికి తిరగేసిన కేసు. వెడల్పు 66.5, కదలిక 57.5. నాలుగు వాల్వుల మోడల్లో 17.35 టార్కు రావాలంటే 6500 దాకా తిప్పాలి. నిదానంగా పోయేటప్పుడు కాస్త క్లచ్చు ఆడించక తప్పదు. ఆ ఒక్క విషయంలో హిమాలయనే గెలిచింది. కానీ బరువు? బీయస్6 హిమాలయన్ 199 కిలోలు. ఎక్స్‌పల్స్ 200 నాలుగు వాల్వులది 160 లోపు.

నలభై కిలోల తేడా కాగితం మీద ఏమీ అనిపించదు. స్నేహితుడి హిమాలయన్ని మా పెరట్లో పాత పరుపు మీద పడుకోబెట్టి ఎత్తి చూశాను. బండికి వీపు ఆనించి, ఒక చెయ్యి హేండిలు మీద, ఒక చెయ్యి వెనక కమ్మీ మీద వేసి, నడుముతో కాకుండా కాళ్ళతో తోస్తూ లేవాలి. ఎండిన నేల మీద లేచింది. కాకపోతే, తోయడానికి కాళ్ళకి గట్టి నేల కావాలి కదా. నల్లరేగడిలో మనం తోసినకొద్దీ కాళ్ళే లోపలికి పోతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. బరువు తేడా అసలు ఖరీదు అక్కడ తెలుస్తుంది. కొనబోయేవాళ్ళు ఎవరైనా సరే, టెస్ట్ రైడు కంటే ముందు ఈ పరుపు పరీక్ష చేసుకోండి. షోరూమువాళ్ళు ఒప్పుకోరు, ఆ బండి ఉన్న స్నేహితుణ్ణి పట్టుకోవాలి.

సీటు ఎత్తు గురించి కూడా ఇలాంటి చిక్కే ఉంది. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ఎక్స్‌పల్స్ సీటు 823 మిల్లీమీటర్లు, పాత హిమాలయన్‌ది 800. మునివేళ్ళు ఆనతాయి, ఒక పక్కకి జరిగితే ఒక పాదం పూర్తిగా ఆనుతుంది. అందరూ ఇక్కడితో ఆగిపోతారు. కానీ ఆ 823 షోరూము టైల్స్ మీద కొలిచింది. చెరువు గట్టు మధ్యలో ఉబ్బెత్తుగా, రెండు పక్కలా వాలుగా ఉంటుంది. ఎదురుగా మేత బండొచ్చిందని అంచుకి జరిగి ఆగి కాలు దింపితే, నేల మనం అనుకున్న చోట ఉండదు. అరడుగు కిందుంటుంది. అక్కడ బండి నీళ్ళవైపు ఒరగడం మొదలుపెడితే ఇక మన చేతిలో ఏమీ లేదు. (పడటం చెరువులోకే కాబట్టి దెబ్బలు తగలవు. మా బాబాయి దీన్నొక సౌకర్యంగా చెబుతాడు.) ఇంకో సంగతి, మా గట్ల మీద బరువుతో వచ్చేవాడికే దారి. ఖాళీగా వచ్చేవాడు పక్కకి ఒదగాలి. సరదాకి తిరిగే బండి ఎప్పుడూ ఖాళీదే కదా, కాబట్టి అంచుకి పోయేది ఎప్పుడూ మనమే.

ఎక్స్‌పల్స్‌లోనే ప్రో అని ఒక రకం ఉంది, సీటు 891. కవాసాకి కేఎల్‌ఎక్స్ 230 అయితే 880. ఈ కవాసాకి మీద నాకు మనసు బాగా పోయింది, దాచడమెందుకు. బరువు 140 దరిదాపుల్లోనే. ఎత్తేపని సగమైపోతుంది. 2024 డిసెంబరులో 3 లక్షల 30 వేలకి దిగింది, తర్వాత ధర బాగా తగ్గించారు కూడా. కానీ 880 మీద కూర్చుని గట్టు అంచున ఆగడం నా కాళ్ళకి అయ్యే పని కాదు. పెట్రోలు ట్యాంకు ఎనిమిది లీటర్లు కూడా లేదు, హైదరాబాదు దారిలో బంకులు లెక్కపెట్టుకుంటూ పోవాలి. సర్వీసుకి పెద్ద ఊరు పరిగెత్తాలి. హీరో బండి విప్పగలిగినవాడు మా వైపు ప్రతి సెంటర్లోనూ ఉన్నాడు. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 కూడా చూశాను. 24 గుర్రాల పైన, నీళ్ళతో చల్లబడే ఇంజను, హైవే మీద హాయి. కానీ ముందువైపు ఆ రేడియేటరు పలకల్లో రేగడి మెత్తుకుంటే కడగడం ఎవరి పని? గాలికీ ఆయిలుకీ చల్లబడే పాత ఇంజను నాకు నిశ్చింత. ఇది నా పిచ్చి కావచ్చు, కాదనను.

ఈ బళ్ళకి ముందు మడ్‌గార్డు ముక్కులా పైకెందుకుంటుందో చాలామంది అందం కోసమనుకుంటారు. వానాకాలం పల్లంలోకి ఏ మామూలు బండైనా తెచ్చి చూడండి, అర కిలోమీటరులో చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య రేగడి దట్టంగా కూరుకుపోయి చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో పొడుచుకుంటూ కూర్చోవాలి. పొలాలకెళ్ళే మా కుర్రాళ్ళు కొందరు మడ్‌గార్డులు పీకి ఇంట్లో పెట్టేస్తారు. ఎత్తున్న మడ్‌గార్డు చేసే పని అదే, రేగడి వచ్చిన దారినే పోతుంది.

ఏబీఎస్ గురించి ఒక్క ముక్క. 2019 ఏప్రిల్ నుంచీ 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. రోడ్డు మీద అది ప్రాణం కాపాడుతుంది, సందేహం లేదు. గులకరాళ్ళ వాలులో మాత్రం వెనక చక్రానికి ఏబీఎస్ ఉంటే బ్రేకు వదిలేస్తూ పట్టుకుంటూ బండి కిందకి పోతూనే ఉంటుంది. ఎక్స్‌పల్స్ 200కి ముందు చక్రానికే ఉండటం వల్ల ఈ తలనొప్పి లేదు.

ఇక నాన్నగారు. ఏలూరులో ఒక షోరూముకి తీసుకెళ్ళి ఎక్స్‌పల్స్ వెనక సీటు ఎక్కించాను. వెనక ఫుట్‌రెస్టు మీద ఎడంకాలు వేసి, నా భుజం పట్టుకుని, గుర్రం ఎక్కినట్టు ఎక్కారు. అక్కడున్న కుర్రాడు "బాగుందాండీ?" అంటే తలూపారు. తర్వాత నాతో మెల్లిగా, "ఎక్కడం సరేరా, గట్టు మీద దిగడం ఎలా?" అన్నారు. నిజమే. షోరూములో ఎక్కేటప్పుడు ఇద్దరు పట్టుకున్నారు. గట్టు మీద ఎవరున్నారు? ఇంటికొచ్చి ఆలోచిస్తే రెండు మార్గాలు తోచాయి. ఒకటి, సీటు కుట్టేవాళ్ళ దగ్గర ఫోము అంగుళం, అంగుళంన్నర కోయించడం. ముందూ వెనకా రెండూ కోయిస్తే నాకూ కాలు ఆనుతుంది, ఆయనకీ అందుతుంది. ఎక్కువ కోయిస్తే అడుగు రేకు తగులుతుంది కాబట్టి అంతకు మించకూడదు. రెండోది, ఆయనే చెప్పారు. చెరువు దగ్గర కాపలా పాక అరుగు రెండడుగులుంటుంది. బండి అరుగు పక్కన ఆపితే అరుగు మీదికి దిగిపోవచ్చు, మళ్ళీ దాని మీంచే ఎక్కొచ్చు. తోటలో మోటారు షెడ్డు మెట్టు ఉండనే ఉంది. మధ్యలో ఎక్కడా ఆపకూడదు, అంతే. "మధ్యలో చేపలు తేలుతున్నాయేమో చూడాలనిపిస్తే?" అన్నాను. "నువ్వు నిదానంగా పోనియ్, నేను వెనకనుంచి చూస్తా" అన్నారు. మళ్ళీ మొదటి గేరు దగ్గరికే వచ్చాం!

అందుకని వెనక స్ప్రాకెట్ రెండు పళ్ళు ఎక్కువున్నది వేయిద్దామనుకుంటున్నాను. హైవే మీద ఇంజను కాస్త ఎక్కువ అరుస్తుంది. నేను ఎనభై దాటేవాణ్ణి కాదు, భరిస్తాను. గట్టు మీద మాత్రం క్లచ్చు ఆడించే పని బాగా తగ్గుతుంది.

సైలెన్సరు మార్చొద్దని మాత్రం ఈ బండి కొనే కుర్రాళ్ళందరికీ చేతులు జోడించి చెబుతాను. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకెక్కింది. 2006లో ఆ హద్దుల లోపలి చెరువు గట్లని ప్రభుత్వం పేల్చి, పొక్లెయిన్లు పెట్టి కొట్టేయించింది. ఆ గట్ల మీద బతికినవాళ్ళకి ఆ ఏడాది ఇంకా గుర్తే. ఇప్పటికీ కొత్త బండేదైనా గట్టెక్కితే ఎవరా అని పాకల్లోంచి తొంగిచూస్తారు. డబడబమని చప్పుడు చేసుకుంటూ, తలకి హెల్మెట్టు కెమెరా పెట్టుకుని ఎవడో వస్తే వాళ్ళకేమనిపిస్తుంది? పక్షుల సంగతి సరేసరి. చలికాలం ఆటపాకలో గూడబాతులు గూళ్ళ మీదుంటాయి. అక్కడికి బైకు ర్యాలీ కట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ గట్టెక్కినా ముందు అక్కడి కాపలాదారుని పలకరించి, "అటు పోవచ్చాండీ?" అని అడగండి. ఎటు మెత్తగా ఉందో, ఎక్కడ గండి పడిందో కూడా ఆయనే చెబుతాడు. ఏ జీపీయస్‌కీ ఆ సంగతి తెలియదు.

ఇంతకీ, తాడేపల్లిగూడెంలో ఒక 2022 మోడల్ ఎక్స్‌పల్స్ 200, నాలుగు వాల్వులది, అమ్మకానికుందంటే పోయిన ఆదివారం వెళ్ళి చూశాను. పాత బండి కొనేవాళ్ళు ఈ ప్రాంతంలో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎండాకాలం ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్ని కొల్లేటి నీళ్ళలో ఉప్పు చేరుతుంది. ఆ నీళ్ళలో తిరిగిన బండి పైకి తళతళలాడుతున్నా స్పోకుల మూలల్లో, సైలెన్సరు అతుకుల దగ్గర తుప్పు కనబడుతుంది. ముందు ఫోర్కు గొట్టాల మీద వేలితో రాస్తే ఆయిలు జిడ్డు తగిలిందంటే సీళ్ళు పోయినట్టు. ముందు చక్రం పైకెత్తి తిప్పి, చెవి ఒగ్గి వినాలి. దీనికి ఫోర్కులు బాగున్నాయి, స్పోకులు బాగున్నాయి, చక్రం తిప్పితే బేరింగు మాత్రం సన్నగా గరగరమంటోంది. బేరింగులు మార్పించి ఇస్తానంటున్నాడు, డబ్బు తగ్గించమంటే తగ్గించనంటున్నాడు. నేను డబ్బే తగ్గించమంటున్నాను, బేరింగులు మా మెకానిక్కు చేత వేయించుకుంటే ఏం వేశాడో నా కళ్ళతో చూస్తాను కదా. వచ్చే ఆదివారం నాన్నగారిని కూడా తీసుకెళుతున్నాను. బేరం ఆయన చేస్తారట.